దీవిలో సెలవుల ఇల్లు: ఫుకెట్, మారిషస్, బాలి, శ్రీలంకలో ఎవరికి ఏది?

సముద్రం కనిపించే బాల్కనీలో కూర్చుని "ఇక్కడే ఒక ఇల్లు కొనేస్తే పోలా?" అనుకోనివాళ్ళు తక్కువ. మావారు ఆ మాట ఫుకెట్‌లో మూడో రోజు అన్నారు. హైదరాబాద్ వచ్చాక కూడా అంటూనే ఉన్నారు. ఆ తర్వాత రెండేళ్ళలో నాలుగు దీవులు చూశాం, రెండుచోట్ల లాయర్లకు ఫీజు కట్టాం, ఒకచోట అడ్వాన్స్ ఇవ్వబోయి ఆగిపోయాం. మావారు సివిల్ ఇంజనీరు. ఎక్కడికెళ్ళినా జేబులో టేపు ఉంటుంది. ఆయన గోడలు కొలుస్తుంటే నేను కాగితాలు చదివాను. ఈ రెండు పనుల్లో మాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

మన దేశంలోనే దీవులున్నాయి కదా అని అడిగేవాళ్ళకు ముందుగా ఒక మాట. లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికే పర్మిట్ కావాలి. అక్కడి స్థానికులు దాదాపు అందరూ షెడ్యూల్డ్ తెగలవాళ్ళు, వాళ్ళ భూమి బయటివాళ్ళ పేరు మీదకు రాదు. అండమాన్ మనకు దగ్గరితనం ఉన్న చోటు, బజారుకెళ్తే తెలుగు వినిపిస్తుంది. కానీ భూమిలో ఎక్కువ భాగం అడవి, అమ్మకానికి వచ్చే పట్టా భూమి చాలా తక్కువ. మాల్దీవుల్లో విదేశీయులకు భూమి మీద సొంత హక్కు లేదు. ఈ మూడింటినీ మొదటి వారంలోనే పక్కన పెట్టేశాం.

## ఏడాదికి ఎన్ని రాత్రులు?

దీవి పేరు ఎంచుకునే ముందు ఒక కాగితం తీసుకుని, ఆ ఇంట్లో మీరు ఏడాదికి ఎన్ని రాత్రులు నిద్రపోతారో రాయండి. ఉండాలనుకునే రాత్రులు కాదు, పోయినేడు మీరు నిజంగా తీసుకున్న సెలవులు చూసి రాయండి. మాకు 20 వచ్చింది.

ఇప్పుడు లెక్క చూడండి. రెండున్నర లక్షల డాలర్ల ఇల్లు, డాలరు 90 రూపాయలనుకుంటే, 2 కోట్ల 25 లక్షలు. అదే డబ్బు ఇక్కడ 6.5 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 14 లక్షల 60 వేలు దాటుతుంది. 20 రాత్రులకు పంచితే రాత్రికి 73 వేలు. పన్ను తీసేసినా ఆ డబ్బుకు ఈ నాలుగు దీవుల్లోనూ మంచి విల్లాలో, వంటమనిషితో సహా ఉండొచ్చు. ఈ అంకె చెప్పగానే మావారు రెండు రోజులు మాట్లాడలేదు.

మీ లెక్క 60 రాత్రులు దాటిందా? అయితే కొనే ఆలోచనలో అర్థం ఉంది. 30 లోపు ఉంటే మాత్రం కింద రాసినదంతా సరదాగా చదువుకుని, అద్దె ఇల్లు చూసుకోండి.

## మన సెలవులు, వాళ్ళ వానలు

ఏజెంట్లు చూపించే ఫొటోలన్నీ ఎండలో తీసినవే. మనం వెళ్ళేది మాత్రం పిల్లల సెలవుల్ని బట్టి: సంక్రాంతి, వేసవి, దసరా. ఆ మూడు సెలవుల్లో ఒక్కో దీవి ఎలా ఉంటుందో చూస్తే సగం గందరగోళం తీరిపోతుంది.

| దీవి | సంక్రాంతి | మే, జూన్ | దసరా |
|---|---|---|---|
| ఫుకెట్ | ఎండ, నిమ్మళమైన సముద్రం, రేట్లు ఎక్కువ | వానలు మొదలు, పడమటి బీచ్‌ల్లో ఎర్ర జెండాలు | వాన ఇంకా పూర్తిగా పోదు |
| మారిషస్ | వేడి, తుఫానుల కాలం | పొడి, చల్లని గాలి | చాలా బాగుంటుంది |
| బాలి | జోరు వాన | పొడి వాతావరణం, హాయి | బాగుంటుంది, నెలాఖరుకి ఉక్క |
| శ్రీలంక దక్షిణ తీరం | చాలా బాగుంటుంది | నైరుతి వానలు, పోటు మీద సముద్రం | ఉరుముల వానలు |
| శ్రీలంక తూర్పు తీరం | వాన | చాలా బాగుంటుంది | మొదట్లో ఫరవాలేదు |

స్కూలుకెళ్ళే పిల్లలున్న ఇంటికి పెద్ద సెలవులంటే వేసవే. ఆ ఒక్క కారణంతో బాలి, మారిషస్ ముందుకొస్తాయి, ఫుకెట్ వెనక్కి పోతుంది. పిల్లలు పెద్దవాళ్ళయిపోయి, జనవరిలో కదలగలిగేవాళ్ళకు ఇదే పట్టిక తలకిందులు.

వానలో ఇల్లు చూడటం మాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను. ఒకసారి సెప్టెంబరులో ఫుకెట్ వెళ్ళి, నాలుగు నెలలుగా తాళం వేసి ఉన్న ఫ్లాటు తెరిపించాం. తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన. అల్మరాలో వేలాడుతున్న తోలు బెల్టు మీద తెల్లటి బూజు, వేలితో రాస్తే పొడిలా వచ్చింది. ఏసీ రిమోట్‌లో బ్యాటరీలు కారి పచ్చగా గట్టిపడిపోయాయి. బాల్కనీ తలుపు బందులు తుప్పుపట్టి, మావారు భుజంతో నెడితే గానీ కదల్లేదు. ఉప్పుగాలికి మామూలు స్టీలు ఆగదనీ, 316 గ్రేడ్ స్టీలు వాడాలనీ ఆయన అక్కడే, తాళం తీసిన ఏజెంటు కుర్రాడికి క్లాసు పీకారు. ఆ కుర్రాడు మర్యాదగా విని, "డిసెంబరులో రండి సర్, బాగుంటుంది" అన్నాడు. నేనైతే సెప్టెంబరులోనే వెళ్ళమంటాను.

## మన వైపు రూల్స్

ఇది ఏ దీవికైనా ఒకటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇండియాలో ఉండేవాళ్ళు రిజర్వ్ బ్యాంకు ఎల్ఆర్ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్) పథకం కింద ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపొచ్చు. భార్యాభర్తలిద్దరూ కలిస్తే 5 లక్షలు, కాకపోతే ఇద్దరి పేరా ఆస్తి ఉండాలి. భార్య కోటాలో డబ్బు పంపి ఆస్తి భర్త ఒక్కడి పేరున రాయించుకోవడం కుదరదు. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపి రెండేళ్ళ కోటా వాడుకునేవాళ్ళు చాలామంది.

అసలు షాక్ టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా పట్టుకునే పన్ను. ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం పట్టుకుంటుంది. 2 కోట్ల 25 లక్షలు పంపితే 43 లక్షలు. అది పోయే డబ్బు కాదు, మీ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సర్దుబాటు అవుతుంది లేదా రీఫండ్ వస్తుంది. కానీ ఆ రోజుకు ఆ డబ్బు చేతిలో ఉండాలి. మాకు తెలిసిన ఒకాయన ఇంటి ధరకు సరిపడా సర్దుకుని, ఈ 43 లక్షల సంగతి బ్యాంకు కౌంటర్ దగ్గర విన్నాడు. ఇలా విదేశంలో ఆస్తి కొనడానికి పంపే డబ్బుకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదు, కాబట్టి అంతా సొంత డబ్బే.

పంపిన డబ్బు అక్కడి ఖాతాలో వాడకుండా పడి ఉంటే 180 రోజుల్లో వెనక్కి తేవాలి. బేరం తెగకముందే డబ్బు పంపేయకండి. కొన్న తర్వాత ప్రతి ఏడాదీ రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. అద్దె వచ్చినా రాకపోయినా నింపాలి. మర్చిపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షలు. ఎన్నారైలు అక్కడ సంపాదించిన డబ్బుతో కొంటే ఈ ఎల్ఆర్ఎస్ గొడవ వాళ్ళకు లేదు.

## కొలతల తికమక

చిన్న విషయమే కానీ, మావారి టేపు పుణ్యమా అని తెలిసింది. మారిషస్‌లో భూమిని ఆర్పాంలలో, పెర్ష్‌లలో చెప్తారు. పెర్ష్ అంటే సుమారు 42 చదరపు మీటర్లు, మన సెంటు కన్నా కాస్త ఎక్కువ. 100 పెర్ష్‌లు ఒక ఆర్పాం, ఎకరం కన్నా కొంచెం పెద్దది. శ్రీలంకలో కూడా పెర్చ్ అనే అంటారు, కానీ అది 25 చదరపు మీటర్లే, మన లెక్కలో 30 గజాలు. పేరు ఒకటే కదా అని రెండు దేశాల రేట్లు పోల్చారో, బోల్తా పడ్డట్టే. బాలిలో లెక్క 'ఆరె'ల్లో: ఒక ఆరె 100 చదరపు మీటర్లు, దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లు. అక్కడ లీజు రేటు "ఆరెకి, ఏడాదికి ఇంత" అని చెప్తారు. కొత్తవాళ్ళు దాన్ని మొత్తం ధర అనుకుని ఎగిరి గంతేస్తారు. థాయిలాండ్‌లో రాయ్ అంటే 1,600 చదరపు మీటర్లు, దరిదాపు 40 సెంట్లు.

## ఫుకెట్: ఫ్లాటు మీది, నేల మీది కాదు

హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది, నాలుగు గంటల లోపు ప్రయాణం. శుక్రవారం బయల్దేరి సోమవారం ఆఫీసుకి రావచ్చు. ఈ నాలుగింటిలో కొలంబో తప్ప ఇంకేదీ ఇంత సులువు కాదు.

థాయ్ చట్టం ప్రకారం విదేశీయుడు నేల కొనలేడు. కాండోమినియంలో ఫ్లాటు మాత్రం సొంతంగా కొనొచ్చు. భవనంలోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో 49 శాతం దాకానే విదేశీయుల పేర ఉండాలి. అందుకే ఒకే భవనంలో, ఒకే సైజు ఫ్లాటు 'ఫారిన్ కోటా'లో ఒక ధర, లీజులో ఒక ధర పలుకుతుంది. తక్కువ ధర చూసి మురిసిపోయే ముందు అది ఏ కోటాలోదో అడగండి. భవనం ఆఫీసు నుంచి కోటా ఖాళీ ఉన్నట్టు లెటర్ తీసుకోవాలి. డబ్బు విదేశీ కరెన్సీలోనే థాయిలాండ్‌కి రావాలి, అలా వచ్చిందనడానికి రుజువుగా అక్కడి బ్యాంకు ఎఫ్ఈటీ ఫారం ఇస్తుంది. ఆ ఫారం లేకపోతే రిజిస్ట్రేషన్ జరగదు, రేపు అమ్మినప్పుడు డబ్బు బయటికి తేవడానికి కూడా అదే ఆధారం. మనం పాస్‌బుక్ దాచుకున్నట్టు దాచుకోవాల్సిన కాగితం.

విల్లా కావాలంటే లీజే. చట్టం ఒప్పుకునేది 30 ఏళ్ళు. బ్రోచర్లలో '30+30+30' అని ఉంటుంది, మొత్తం 90 ఏళ్ళన్నట్టు. మా లాయరు ఆ మాట విని నవ్వేశారు: మొదటి 30 మాత్రమే రిజిస్టర్ అవుతుంది, మిగతా రెండూ యజమాని ఇచ్చే మాట, అంతే. పైగా లీజుదారు చనిపోతే, వారసులకు వెళ్తుందని ఒప్పందంలో విడిగా రాయించుకోకపోతే లీజు అక్కడితో ఆగిపోవచ్చు. కాబట్టి ఫుకెట్‌లో నా ఓటు ఫ్లాటుకే. విల్లా మోజు ఉంటే అద్దెకు తీసుకోండి.

'అద్దె గ్యారంటీ' పథకాల గురించి ఒక మాట. మొదటి కొన్నేళ్ళు ఏటా ఇంత శాతం ఇస్తామంటారు. చాలాసార్లు ఆ డబ్బు ముందే మీ ధరలో కలిపి, మీకే తిరిగి ఇస్తున్నారు. పక్క భవనంలో గ్యారంటీ లేని ఫ్లాటు చదరపు మీటరు ధరతో పోల్చి చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకటి: హోటల్ లైసెన్సు లేకుండా 30 రోజులకన్నా తక్కువకు అద్దెకివ్వడం అక్కడ చట్టవిరుద్ధం. 'ఆన్‌లైన్‌లో పెట్టి రోజుకింత సంపాదించొచ్చు' అని చెప్పే ఏజెంటును, ఆ భవనానికి హోటల్ లైసెన్సు కాపీ చూపించమనండి.

చోటు విషయంలో: పటాంగ్ సరదాకి బాగుంటుంది, నిద్రకు పనికిరాదు. దక్షిణాన రవాయ్, నాయ్ హార్న్ వైపు కాపురం ఉండే జనం ఎక్కువ. బాంగ్ తావ్ ఖరీదు. కొండ వాలు మీద కట్టినవాటిలో సముద్రం అద్భుతంగా కనిపిస్తుంది, కానీ 2024 ఆగస్టులో కరోన్ వైపు కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. వాలు మీద ఇల్లయితే నీళ్ళు ఎటు పోతున్నాయో వాన రోజున నిలబడి చూడండి. 2004 సునామీ ఈ తీరాన్నే కొట్టింది, బీచ్ దగ్గర ఇల్లయితే ఎత్తుకు వెళ్ళే దారి నడిచి చూసుకోండి.

## మారిషస్: కాగితం గట్టిది, దారి దూరం

సొంత హక్కే ముఖ్యం అనుకునేవాళ్ళకు ఈ జాబితాలో మొదటి పేరు ఇదే. విదేశీయులు ఎక్కడపడితే అక్కడ ఊళ్ళో ఇల్లు కొనలేరు. ప్రభుత్వం అనుమతించిన పీడీఎస్ (ప్రాపర్టీ డెవలప్‌మెంట్ స్కీమ్), స్మార్ట్ సిటీ లాంటి పథకాల్లో విల్లాలు, లేదా కనీసం గ్రౌండ్ ప్లస్ రెండంతస్తుల భవనాల్లో ఫ్లాట్లు కొనొచ్చు. ఫ్లాటుకైతే కనీస ధర 60 లక్షల మారిషస్ రూపాయలు, మన డబ్బులో కోటి పైమాటే. 3,75,000 డాలర్లు దాటిన ఆస్తి అర్హత ఉన్న పథకంలో కొంటే, అది మీ పేర ఉన్నంతకాలం కుటుంబానికి నివాస అనుమతి కూడా వస్తుంది. ఒక్కరి ఎల్ఆర్ఎస్ కోటా దానికి చాలదు, భార్యాభర్తలు కలవాల్సిందే.

వ్యవహారమంతా నోటరీ చేతి మీదుగా నడుస్తుంది. మన ఊళ్ళో నోటరీ అంటే స్టాంపు వేసే ఆయన. అక్కడ నోటరీ అంటే ఫ్రెంచి పద్ధతి అధికారి: టైటిల్ వెతకడం, డబ్బు పట్టుకోవడం, పన్ను కట్టడం, రిజిస్టర్ చేయడం అన్నీ ఆయన పనే. కట్టుబడిలో ఉన్న ఇంటికి దశలవారీగా చెల్లింపు, మధ్యలో బిల్డరు చేతులెత్తేస్తే పూర్తి చేయించే గ్యారంటీ ఉండే పద్ధతి ఉంది. ఆ గ్యారంటీ ఏ బ్యాంకు ఇచ్చిందో పేరుతో సహా అడగాలి. అమ్మినప్పుడు లాభం మీద అక్కడ క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, ఇండియాలో ఉండేవాళ్ళకు ఇక్కడ మాత్రం ఉంటుంది. వారసత్వానికి ఫ్రెంచి చట్టం నీడ ఉంది: పిల్లలకు చట్టం ఒక వాటా కేటాయిస్తుంది, వీలునామాతో పూర్తిగా తప్పించలేరు. ఇద్దరు పిల్లల్లో ఒకరికే ఇవ్వాలనుకునేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సిన సంగతి.

ఇబ్బంది దూరం. ముంబై నుంచే ఆరు గంటలు, హైదరాబాద్ నుంచి ఇంటి గుమ్మం దాకా ఒక రోజు పోయినట్టే. వారాంతానికి వెళ్ళొచ్చే చోటు కాదు. జనవరి, ఫిబ్రవరిల్లో తుఫాను భయం ఉంటుంది. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. అయితే 1960 నాటి కరోల్ తుఫాను తర్వాత జనం కాంక్రీటు ఇళ్ళకు మారారు, ఇప్పుడు గోడలకు పెద్ద భయం లేదు. కిటికీల షట్టర్లు, డ్రైనేజీ చూసుకోవాలి. పడమట టామరిన్, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపు పొడిగా ఉంటుంది. తూర్పు తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి హోరు. కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు వంగి ఉన్న బీచ్ చూస్తే, ఎందుకు వంగాయో ఆలోచించండి. జూన్‌లో సముద్రం మనకి చలిగానే ఉంటుంది.

ఇక మన బంధం. 19వ శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళ సంతానం అక్కడ ఉంది. కోరంగి రేవు పేరుతో వాళ్ళను 'కోరంగీలు' అనేవారు. ఉగాది అక్కడ దేశమంతా సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. టామరిన్‌లో మేం నెలరోజులు అద్దెకున్న ఇంటి పక్కావిడ ముత్తాతలు విశాఖ వైపు వాళ్ళట. మాట్లాడేది క్రియోల్, మాతో "బాగున్నారా" దాటి తెలుగు రాలేదు. కానీ శనివారం సాయంత్రం దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడుతుంటే మా అత్తయ్య గేటు దగ్గర నిలబడిపోయింది. ఒక పాట ఆవిడకి చిన్నప్పుడు శ్రీకాకుళంలో విన్నదేనట. ఇది ధరలో కలిపే విషయం కాదని నాకు తెలుసు, అయినా మా ఇంట్లో ఓట్లు ఆ రోజే మారిపోయాయి.

## బాలి: కొన్నామనుకుంటారు, అద్దెకు తీసుకుంటారు

ఇండోనేషియా 1960 భూచట్టం ప్రకారం పూర్తి హక్కు, వాళ్ళ భాషలో 'హక్ మిలిక్', ఆ దేశ పౌరులకే. విదేశీయుడికి మిగిలేవి మూడు దారులు: 25, 30 ఏళ్ళ లీజు; నివాస వీసా ఉన్నవాళ్ళకు 'హక్ పకాయ్' అనే వాడకం హక్కు; లేదా అక్కడ విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేర నిర్మాణ హక్కు. కంపెనీకి చూపించాల్సిన పెట్టుబడి వెయ్యి కోట్ల రుపియా. భయపడకండి, మన డబ్బులో సుమారు అయిదున్నర కోట్లు. సెలవుల ఇంటి కోసం ఎవరూ చేయాల్సిన పని కాదు.

నాలుగో దారి ఒకటి చెవిలో చెప్తారు: స్థానికుడి పేర కొని, వెనకాల అగ్రిమెంటు రాసుకోవడం. మన దగ్గర బినామీ అంటాం. అక్కడా చెల్లదు. పట్టుబడితే అగ్రిమెంటు రద్దయి భూమి ప్రభుత్వానికి పోవచ్చు, మీ డబ్బు అడగడానికి కోర్టులో నిలబడే హక్కు కూడా ఉండదు. ఎంత నమ్మకస్తుడైనా వద్దు.

మేం అడ్వాన్స్ దాకా వెళ్ళింది ఇక్కడే. చాంగూ దగ్గర రెండు బెడ్రూముల విల్లా, చిన్న కొలను, ముందు పొలం. ఏజెంటు '30 ఏళ్ళ లీజు' అన్నాడు. నిజమే, లీజు 30 ఏళ్ళే. కానీ మొదలైంది 2013లో. మేం చూసేసరికి మిగిలింది 18. ధర మాత్రం 30కి చెప్పాడు. పొడిగింపు క్లాజు చదివితే "అప్పటి మార్కెట్ ధరకు, ఇరువురి అంగీకారంతో" అని ఉంది, అంటే క్లాజు లేనట్టే. సర్టిఫికెట్‌లో ఆరుగురు అన్నదమ్ముల పేర్లు, లీజు మీద సంతకాలు నాలుగు. ముందున్న ఆ పచ్చటి పొలం గ్రీన్ జోన్ కాదట. అంటే రేపు అక్కడ ఇంకో విల్లా లేచి మన వ్యూ మూసేస్తుంది. అప్పటికే ఏజెంటు నెంబరు ఫోన్లో ఫేవరెట్స్‌లో పెట్టుకున్న మావారు, మెల్లగా తీసేశారు.

లీజు ఇంటిని ఆస్తిగా చూడొద్దు, ముందే కట్టేసిన అద్దెగా చూడండి. ధరను మిగిలిన ఏళ్ళతో భాగించండి, వచ్చిన అంకె ఏడాది అద్దె కన్నా బాగా తక్కువైతేనే అర్థం ఉంటుంది. కట్టడానికి పీబీజీ అనుమతి, వాడకానికి ఎస్ఎల్ఎఫ్ సర్టిఫికెట్, జోనింగ్ మూడూ చూడాలి. 2025 జూలైలో బింగిన్ బీచ్ కొండ అంచున అనుమతుల్లేని కట్టడాలను ప్రభుత్వమే కూల్చింది.

ఇంత చెప్పినా, ఉండటానికి నాకు అన్నిటికన్నా నచ్చింది బాలినే. మేలో గాలి, పొద్దున్నే గుమ్మాల ముందు ఆకుదొన్నెల్లో పూలు, శాకాహారం దొరకడం. ట్రాఫిక్ మాత్రం మన అమీర్‌పేటను మరిపిస్తుంది. న్యెపి (బాలివాళ్ళ మౌన దినం) రోజున ఎయిర్‌పోర్టుతో సహా దీవంతా మూసేస్తారు, టికెట్లు బుక్ చేసేముందు ఆ తేదీ చూసుకోండి.

## శ్రీలంక: దగ్గర, చవక, కానీ

హైదరాబాద్ నుంచి సుమారు రెండు గంటలే. తిండి మనకు పడుతుంది. 2014 చట్టం ప్రకారం విదేశీయులకు భూమి అమ్మరు, 99 ఏళ్ళ లీజు ఇస్తారు. సొంతంగా కొనాలంటే ఫ్లాటే, డబ్బంతా ముందే బయటి నుంచి రావాలి. మిరిస్సా, వెలిగమ లాంటి బీచ్ ఊళ్ళలో అలాంటి ఫ్లాట్ల భవనాలెన్ని? అందుకే సొంత హక్కు అంటే ఆచరణలో ఎక్కువగా కొలంబో టవర్లే. 99 ఏళ్ళ లీజు మాత్రం బాలి లీజు కన్నా ఎంతో నయం, మనవళ్ళ దాకా సరిపోతుంది. 2022లో వాళ్ళ రూపాయి కొద్ది నెలల్లోనే డాలరుకి 200 దగ్గర్నుంచి 360 దాకా పడిపోయింది. అంతకుముందు కొన్నవాళ్ళ ఇల్లు అక్కడే ఉంది, డాలర్లలో విలువ మాత్రం కరిగింది. పోగొట్టుకున్నా ఫరవాలేదనుకునే డబ్బుతోనే దిగాలి.

## అమెరికాలో ఉన్నవాళ్ళకు

మా మరిది శాన్‌హోసేలో ఉంటాడు. వాళ్ళకు ఈ దీవులన్నీ దూరం, హవాయి అయిదారు గంటల్లో. మామూలు అమెరికా పద్ధతిలోనే సొంత హక్కు, బ్యాంకు లోను. అక్కడ కూడా 'ఫీ సింపుల్' (నేలతో సహా పూర్తి సొంత హక్కు) కాకుండా లీజు నేల మీద కట్టిన కాండోలుంటాయి, చవగ్గా కనిపిస్తే అదే కారణం అయ్యుండొచ్చు. బిగ్ ఐలండ్‌లో పునా వైపు స్థలాలు మరీ చవక. లావా ముప్పును బట్టి 1 నుంచి 9 దాకా జోన్లు ఉంటాయి, 1లో ముప్పు అన్నిటికన్నా ఎక్కువ, ఆ చవక స్థలాల్లో చాలా భాగం 1, 2 జోన్లలోవి. 2018లో కిలవేయా అగ్నిపర్వతం పేలి 700 దాకా ఇళ్ళు లావా కింద పోయాయి. ఇన్సూరెన్స్ కోట్ తీసుకోకుండా ఆఫర్ పెట్టొద్దు. రోజువారీ అద్దెకివ్వడానికి ఒక్కో కౌంటీలో ఒక్కో రూలు.

## ఇంతకీ ఎవరికి ఏది?

స్కూలు పిల్లలున్న ఉద్యోగులు కొనకండి. వేసవిలో బాలిలోనో మారిషస్‌లోనో నెల అద్దె. తప్పదు, చేయి దురద పెడుతోంది అంటే ఫుకెట్‌లో ఫారిన్ కోటా చిన్న ఫ్లాటు, అమ్ముకోవడానికి కూడా అదే తేలిక.

రిటైర్మెంటుకి దగ్గరపడి, ఏడాదికి రెండు మూడు నెలలు ఉండగలిగి, పిల్లలకు ఇవ్వాలనుకునేవాళ్ళకు మారిషస్. దుబాయ్‌లో ఉన్న తెలుగువాళ్ళకు నేరుగా ఫ్లైట్ ఉంది కాబట్టి ఇంకా కుదురుతుంది. ఇంటి నుంచి పనిచేసే కుర్రాళ్ళు బాలిలో ఏడాది అద్దెకు తీసుకోండి, లీజు జోలికి పోవద్దు. అద్దె ఆదాయమే లక్ష్యం అయితే ఇక్కడే ఇంకో ఫ్లాటు కొనుక్కోండి, అద్దెకున్నవాళ్ళతో తెలుగులో పోట్లాడొచ్చు.

మేమా? కొనలేదు. మావారి రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిదేళ్ళుంది. వచ్చే జూన్‌కి టామరిన్‌లో అదే ఇల్లు నెలరోజులకు మాట్లాడుకున్నాం, అత్తయ్య అప్పుడే పక్కావిడ కోసం అరిసెలు ఎన్ని తీసుకెళ్ళాలో లెక్కేస్తోంది. నిన్న సూట్‌కేసు దులుపుతుంటే సైడు జిప్పులో టేపు కనిపించింది. చూడనట్టే జిప్పు వేసేశాను.